నూర్జాన్ బొంత నేపాలు కొండెక్కింది

కళ్యాణదుర్గం నుంచి బెళుగుప్ప పోయే బస్సులో నూర్జాన్ గెలిచిన కొట్లాటను నేను ముందు సీట్లో కూర్చుని కళ్ళారా చూశాను. నడి ఎండాకాలం. బస్సు రేకులు పెనం మాదిరి కాలుతున్నాయి. సంతలో అమ్ముడుపోని మూడు బొంతలను మూటగట్టి నెత్తిన పెట్టుకుని నూర్జాన్ బస్సెక్కింది. బొంత అంటే తెలియనివాళ్ళు ఈ కాలంలో చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. పాత చీరలను పొర మీద పొర పరిచి చేత్తో కుట్టేది బొంత. పరుచుకోవచ్చు, కప్పుకోవచ్చు. బరువు మాత్రం బాగానే ఉంటుంది.

కండక్టరు జయరాం మూటను చూసి ఆగాడు.

“లగేజీ టికెట్ తీసుకోవల్లక్కా.”

“యాడుండాదప్పా లగేజీ?”

“ఆ మూట ఏంది మరి?”

“కప్పుకునే గుడ్డలు.”

“కప్పుకునే గుడ్డలైతే కప్పుకుంటారు. మూటగట్టి ఒళ్ళో పెట్టుకోరు.”

ఆ మాట అని ముందుకు పోబోయాడు పాపం. నూర్జాన్ మూట ముడి విప్పింది. ఒక బొంత భుజాల మీద కప్పుకుంది. దాని మీద రెండోది. మూడోదాన్ని నెత్తి మీద నుంచి ముసుగేసుకుని, ముక్కు మాత్రం బయట పెట్టి కూర్చుంది.

“ఇప్పుడు చూడన్నా. కప్పుకున్నా. ఒంటి మీది గుడ్డకు టికెట్ ఉండాదా? ఉంటే ముందు నీ చొక్కాకు కొట్టుకో.”

బస్సంతా నవ్వింది. జయరాం బతిమాలాడు. “అక్కా, తీసేయి తల్లీ. ఈ ఎండకు సచ్చిపోతావు.”

“సస్తే శవానికి టికెట్ ఎంతో నీ మిషన్లో నొక్కి చూడు.”

ఊరు వచ్చేదాకా ఆ మనిషి బొంతలు తీయలేదు. ముక్కు కొస నుంచి చెమట చుక్కలు చుక్కలుగా కారుతోంది. దిగేటప్పుడు జయరామే ఆమె చెయ్యి పట్టుకుని దింపి, తన నీళ్ళ సీసా ఇచ్చాడు. ఆమె సీసా అడుగంటా తాగి, ఖాళీది తిరిగి ఇచ్చి, “దీనికి టికెట్ అడగల్యా. మంచోడివే” అంది.

నూర్జాన్‌ది మా పక్క వీధే. మొగుడు పీర్ మహమ్మద్ రోడ్డు పక్కన పంక్చర్లు వేస్తాడు. ఆయన నోట్లో మాట ఉండదు. ఆ ఇంటికి కావలసిన మాటలన్నీ ఆమే మాట్లాడుతుంది. నేను మూడో తరగతి దాకా చదివాను. ఆమె బడి గడప తొక్కలేదు. నా పేరు సుంకమ్మ. నన్ను పెద్దమ్మా అంటుంది. ఆ వరస ఎట్లా కుదిరిందో ఇద్దరికీ తెలియదు.

బొంతలు కుట్టే పని వాళ్ళమ్మ నుంచి వచ్చింది. ఊరూరూ తిరుగుతుంది. ఏ ఇంటి ముందు నిలబడినా మొదటి మాట ఒకటే: “మీ అమ్మ కట్టింది ఉండాదా? మీ అవ్వ కట్టింది ఉండాదా?” ఒంటి మీద నలిగి మెత్తబడిన నూలు చీరే కావాలి ఆమెకు. పైపొరలో నడిమధ్యన ఆ ఇంటి పెద్దామె చీర ముక్క ఉండాలని మా పక్క ఒక పట్టింపు. దాన్ని కప్పుకున్న పిల్లలు నిద్రలో ఉలిక్కిపడరని అంటారు.

ఒక ఇంట్లో కోడలు పిల్ల, “మా అత్త చీర పైన వద్దు, అట్టడుగున వేయి. నేలలో రాళ్ళన్నీ ఆమెకే గుచ్చుకోనీ” అంది.

“వేస్తాలే. నువ్వు బతికినంత కాలం నిన్ను వీపు మీద మోసిన పుణ్యం ఆమెకే పోతాది. పర్లేదా?” అంది నూర్జాన్.

ఆ చీర వెంటనే పైకి వచ్చింది.

ఇంకో సంగతి ఏమంటే, బొంత ఒక్కరు కుట్టేది కాదు. నలుగురు నాలుగు పక్కలా కూర్చుని అంచుల నుంచి నడిమికి కుట్టుకుంటూ రావాలి. ఒక పక్క నూర్జాన్ కూర్చుంటే మిగతా పక్కల్లో ఆ ఇంటి ఆడవాళ్ళు కూర్చుంటారు. మాటల్లేనివాళ్ళు ఎదురెదురుగా కూర్చుంటే ఒకరు లాగినట్టు ఇంకొకరు లాగరు, గుడ్డ ముడతలు పడుతుంది. ఆ ముడతను బట్టి ఎవరికెవరికి పడదో నూర్జాన్ చెప్పేసేది. సగం ఊళ్ళు ఆమెను పిలిచేది బొంత కోసం, సగం ఊళ్ళు పిలవనిది ఇందుకే.

మొన్న ఎండాకాలం చివర్లో మా ఊరి తిప్పయ్య కూతురు సరళ సెలవు మీద వచ్చింది. అనంతపురంలో నర్సు చదువు చదివి, నేపాలులో పోఖరా దాటిన తర్వాత ఏదో కొండ మీద ఆడపిల్లల ఇంట్లో పని చేస్తోంది. అమ్మానాన్నలు లేని పిల్లలు, ఉన్నా సాకలేని వాళ్ళ పిల్లలు ఆ ఇంట్లో ఉంటారు. దేశదేశాల నుంచి మనుషులు వచ్చి, జీతం లేకుండా కొన్నాళ్ళుండి, తమకు వచ్చింది పిల్లలకు నేర్పి పోతారట. ఒకామె పాట నేర్పింది. ఒకాయన కంప్యూటర్ నేర్పాడు.

“నూర్జానత్తా, ఆడ చలి ఎక్కువ. పిల్లోళ్ళు ఒకే రగ్గులో ముగ్గురు దూరుకుంటారు. నువ్వొచ్చి బొంత కుట్టేది నేర్పకూడదా? మూడు నెలలు. పోనూ రానూ ఛార్జీలు వాళ్ళే పెట్టుకుంటారు. వాలంటీరుగా రా” అంది సరళ.

ఆ మాట టీ కొట్టు ఓబుళేసు చెవిన పడింది. ఇంకేముంది.

“వాలంటీరా? నేపాలులో పింఛన్లు పంచుతావా ఏమి నూర్జానూ?”

“పంచుతా. నీ మాదిరి ముసలోళ్ళు ఆడ గూడా ఉంటారు కదప్పా.”

“నవ్వులాట కాదు. జీతం ల్యాకుండా అంత దూరం ఎవురన్నా పోతారా? పోయినా, అచ్చరం ముక్క రానిదాన్ని ఏం చేసుకుంటారు వాళ్ళు? వారం దినాల్లో ఎనక్కి తోలకపోతే నా పేరు మార్చుకుంటా.”

నూర్జాన్ తాగుతున్న టీ సగంలో పెట్టి లేచింది. ఇంటికి నడిచి వస్తుంటే నాతో అంది:

“పెద్దమ్మా, పుట్టినప్పట్నుంచి ఇంకొకరు కట్టి విడిచిన గుడ్డల్లోనే బతికినా. కూలి తీసుకోకుండా ఎవురికీ ఏమీ ఇయ్యల్యా. ఇచ్చే గతి యాడిది? ఒక్కసారన్నా ఇచ్చేదాన్ని కావల్లని ఉండాది. కానీ పనికిరావని వాళ్ళు తిరగ్గొట్టినారనుకో, ఈ ఊర్లో తలెత్తలేను.”

“తలెత్తి చేసేదేముంది? సూదిలో దారం ఎక్కించాలంటే తల వంచల్ల. పో” అన్నాను.

పీర్ మహమ్మద్, “పోయి రా. నాకు వంట వచ్చు” అన్నాడు. రాదని ఊరందరికీ తెలుసు.

ఓటు కార్డు ఉంటే చాలునట నేపాలు పోవడానికి. సరళ సెలవు అయిపోగానే ఆమె వెంట రైలెక్కింది నూర్జాన్. సూదులు, దారాలు, నాలుగు జతల బట్టలు, తను కప్పుకునే బొంత ఒకటి మూటగట్టుకుంది. ఆ మూటకు రైల్లో ఎవరూ టికెట్ అడగలేదని మరుసటి రోజు ఫోన్ చేసి మరీ చెప్పింది. అడగలేదని కొంచెం బాధపడినట్టే అనిపించింది నాకు.

నాకు సొంత ఫోను లేదు. అక్కర్లేదు కూడా. సాయంత్రం పూట పంక్చర్ అంగడి దగ్గర పాత టైరు మీద కూర్చుంటే పీర్ మహమ్మద్ ఫోన్లో నూర్జాన్ ముఖం కనిపించేది. మొదట్లో అంతా సంబరమే. కొండలట, మబ్బులు కాళ్ళ కింద పోతాయట, ఆ చలికి ఆవులకు కూడా స్వెటర్లు వేయవచ్చునట. భాషకూ ఇబ్బంది లేదు. ఆ పిల్లలు టీవీలు చూసి హిందీ నేర్చారు. ఈమెకు ఇంట్లో ఉర్దూ ఉండనే ఉంది.

చేరిన అయిదారు రోజులకు ఒక ఫోన్ వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

“పెద్దమ్మా, నా నోరు కాల్చుకున్నా.”

“నోరు కాల్చుకునేకి అంత దూరం పోవల్లనా? ఈడ నిప్పుల్లేవా? ఏం జరిగిందో చెప్పు.”

జరిగింది ఇది. పిల్లలందరినీ పెద్ద గదిలో కూర్చోబెట్టి, పని మొదలుపెట్టించమన్నారు అక్కడి పెద్ద టీచరు. నూర్జాన్ నిలబడింది. నలభై ఏళ్ళుగా ఏ ఇంటి ముందు నిలబడినా నోట్లోంచి వచ్చే మాట ఉంది కదా, అదే వచ్చింది. “పోయి తీసుకు రండమ్మా. మీ అమ్మ కట్టిన చీర ఉండాదా? మీ అవ్వ కట్టింది ఉండాదా?”

అమ్మానాన్నలు లేని పిల్లల ఇంట్లో అడిగింది ఆ మాట.

ఫూల్‌మాయ అని పద్నాలుగేళ్ళ పిల్ల ఒకతె ఉంది. ఆ ఇంట్లో మిగతా పిల్లలు దాని వెనకే నడుస్తారు. అది లేచి, చెప్పులు వేసుకుని, వెళ్ళిపోయింది. దాని వెనక అందరూ. ఎవరూ ఏడవలేదు, ఎవరూ ఏమీ అనలేదు. నూర్జాన్‌కు అదే తట్టుకోలేనిది.

“తిట్టినా బాగుండు పెద్దమ్మా. నమస్తే అంటాండారు, అన్నం పెడతాండారు. దగ్గరికి మాత్రం రారు. చిన్న పిల్లోళ్ళు ఇద్దరు వచ్చి కూర్చున్నా, ఫూల్‌మాయను చూసి లేచిపోతారు. టీచరమ్మ పాపం మంచిదే. ‘ఇష్టం ల్యాకపోతే పోనీలే, ఈ నెల చూసి నువ్వు ఊరికి పోవచ్చులే’ అంటాది. ఓబుళేసు నోటి మాట నిజమయ్యేట్లుండాది.”

“క్షమించమని అడిగినావా?”

“అడిగినా. పర్లేదు ఆంటీ అంటాది. ఆ పర్లేదు ఉండాది చూడు, అది గొంతులో ముల్లు.”

ఏమీ తోచలేదని ఒప్పుకునే అలవాటు నాకు లేదు కాబట్టి, “ఇంకొక దినం ఉండు. బొంత ముడత పడితే పారేస్తామా? కుట్టు విప్పి మళ్ళా కుడతాం” అన్నాను.

ఆ విప్పే పని వాన చేసింది.

మా దగ్గర అప్పుడు శెనక్కాయ విత్తనాలు సిద్ధం చేసుకుని అందరం ఆకాశం వైపు చూస్తున్నాం. మబ్బు వచ్చేది, మమ్మల్ని పలకరించి కర్ణాటకకు పోయేది. అక్కడ ఒక మధ్యాహ్నం నూర్జాన్ ఒంటరిగా గదిలో కూర్చుని ఉంటే ఉరుము వినబడింది. పెద్ద పెద్ద చినుకులు. మా పక్క పుట్టిన మనిషి ఏం చేస్తుంది? లేచి పరుగెత్తింది. వంటింట్లో గంగాళం మొదలుకుని పిల్లలు పళ్ళు తోముకునే మగ్గుల దాకా అన్నీ తెచ్చి వాకిట్లో పరిచింది. చూరు కింద బకెట్లు, చెట్టు కింద చెంబులు. “లేయండే! వానొచ్చింది! పట్టుకోండి! నేల పాలు చేస్తారా?” అని తెలుగులో ఒకటే అరుపు.

ఆ వాన ఇంక మూడు నెలలు ఆగదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పిల్లలంతా వసారాలోకి వచ్చి నిలబడి చూశారట. పాత్రలు నిండాయి. నూర్జాన్ పూర్తిగా తడిసిపోయి, నిండిన చెంబు గంగాళంలో పోసి, గంగాళం పొర్లిపోతుంటే ఇంకా ఏమైనా గిన్నెలున్నాయా అని వెతుకుతోంది. ఫూల్‌మాయ గొడుగు పట్టుకుని దగ్గరికి వచ్చింది. వాళ్ళు మాట్లాడుకున్నది హిందీ, ఉర్దూ కలగలుపు. నేను తెలుగు చేసి రాస్తున్నాను.

“ఆంటీ, ఎందుకు పడుతున్నావు ఈ నీళ్ళు?”

“ఎందుకేమే! వాన!”

“రేపు కూడా పడుతుంది.”

“రేపు పడుతుందని నీకెవురు చెప్పినారు? మాట ఇచ్చి పోయిందా మబ్బు?”

“ఎల్లుండి కూడా పడుతుంది, ఆంటీ.”

నూర్జాన్ చెంబు చేతిలో పట్టుకుని ఆ పిల్ల ముఖంలోకి చూసింది. “నిజంగానా? ఊరికేనా?”

ఆ అడగడం ఎట్లా అడిగిందో ఏమో, ఫూల్‌మాయ నవ్వింది. వసారాలో పిల్లలందరూ నవ్వారు. గొడుగు పడేసి ఒకరి తర్వాత ఒకరు వానలోకి దిగారు. ఆ తర్వాత వారమంతా, చినుకు పడితే చాలు, “ఆంటీ, గిన్నెలు తేవాలా?” అని ఆటపట్టించడమే వాళ్ళకు పని.

ఆ సాయంత్రం నూర్జాన్ పళ్ళు టకటకలాడుతూ కూర్చుంటే, ఫూల్‌మాయ ఆమె మూటలోంచి బొంత తీసి కప్పింది. కప్పి, నడిమధ్యన ఉన్న ముక్క మీద వేలు పెట్టింది.

“ఇది ఎవరిది?”

“మా అమ్మది.”

“పక్కన ఈ పచ్చ అంచుది?”

“సుంకమ్మ పెద్దమ్మది. మా పక్క వీధిలో ఉంటాది.”

“ఆమె ఎట్లుంటుంది?”

“తిడతాది.”

“ఎందుకు?”

“ఎందుకని ల్యా. తిట్టకపోతే ఆమెకు తిన్నది అరగదు. నాకు జ్వరమొస్తే గూడా తిట్టుకుంటానే కషాయం తెస్తాది. కషాయం కంటే తిట్టే చేదు.”

ఆ పిల్ల కాసేపు ఆ పచ్చ అంచును తడుముతూ కూర్చుందట. “ఇక్కడ అందరూ మెల్లగా, మంచిగా మాట్లాడతారు, ఆంటీ. నన్ను ఎవరూ అట్లా తిట్టలేదు” అంది.

ఇదంతా నూర్జాన్ ఫోన్లో చెబుతుంటే నాకు కోపం వచ్చింది. తిడతానని చెబితే చెప్పింది, కషాయం సంగతి ఎందుకు చెప్పాలి? ఆ మాట అనబోయేలోపల ఫోను నిండా పిల్లల ముఖాలు. ముందున్నది ఫూల్‌మాయ. గుండ్రటి ముఖం, చిన్న కళ్ళు.

“నానీ, డాంటో!” అంది.

“అవ్వా అని పిలిచి, తిట్టమంటాండాది పెద్దమ్మా నిన్ను” అంది నూర్జాన్.

“ఊరికే ఎట్ల తిట్టేది? నేనేమన్నా పిచ్చిదాన్నా? ఏదన్నా తప్పు చేయమను.” అంటూనే చూశాను దాని నెత్తి వైపు. “ఏమే, ఆ జుట్టేందే? పిచ్చుక గూడు మాదిరి! నూనె ముఖం చూసి ఎన్నాళ్ళయింది? వానలో తడిసి అట్లే తిరుగుతావా? జలుబు చేసి పడుకుంటే ఎవురు చేయల్ల నీకు? మీ దేశానికి దువ్వెన్లు ఇంకా రాల్యా? పో, పోయి తల దువ్వుకొని రా. అప్పుడు మాట్లాడతా నీతో!”

నూర్జాన్ ఉర్దూలో చెప్పింది. పిల్లలు కేరింతలు కొట్టారు. ఫూల్‌మాయ నిజంగానే పోయి తల దువ్వుకుని వచ్చి ఫోన్ ముందు నిలబడింది. పీర్ మహమ్మద్ అంత నవ్వగలడని ఆ రోజే తెలిసింది నాకు.

మర్నాడు నూర్జాన్ ఎదుటి పక్కన ఫూల్‌మాయ సూది పట్టుకుని కూర్చుంది. మిగతా పక్కలకు పిల్లలు పోటీ పడ్డారు. ఇంట్లో ఉన్న పాత దుప్పట్లు, కిటికీ తెరలు పరిచి మొదటి బొంత కుట్టారు. ముడత లేదు. టీచరమ్మ దాన్ని పైకెత్తి వెలుగులో చూసి, ఇంకో మూడు నెలలు ఉంటావా అని అడిగిందట. నేను ఆ సంగతి టీ కొట్టు ముందు నిలబడి, బస్టాండు దాకా వినబడేట్టు చెప్పాను. ఓబుళేసు టీ గ్లాసులు కడగడంలో మునిగిపోయాడు. “కొత్త పేరు ఏం పెట్టుకుంటావప్పా?” అని అడిగితే, “నీకు టీలో చక్కెర ఎంత వేయల్ల?” అన్నాడు. ఆ టీకి దుడ్లు తీసుకోలేదు.

నిన్న సాయంత్రం మళ్ళీ ఫోన్ వచ్చింది.

“పెద్దమ్మా, నువ్వొక పని చేయల్ల నాకు.”

“చెప్పి సావు.”

“నా బొంత ఫూల్‌మాయకు ఇచ్చేసినా. రాత్రి పూట నీ ముక్క ముఖం దగ్గర పెట్టుకొని పండుకుంటాది. ఇప్పుడు మిగతావాళ్ళు ఊరుకోరు. దుప్పటి గుడ్డలతో కుట్టింది మాకొద్దు, మాకు గూడా ఒక్కొక్క నానీ కావల్ల అంటాండారు. నేనే కదా మొదటి దినం చీర యాడని అడిగి వాళ్ళ గుండెలో గుచ్చినది. ఆ చీర నేనే ఇయ్యకపోతే నేను వచ్చినదెందుకు? మన ఊర్లో అవ్వలు కట్టినవి కావల్ల. పిల్లకొకటి. ఎవురి చీరో పేరు చెప్పి పంపు. ఆమె తిట్టే తిట్టు గూడా చెప్పు. నేను నేర్పిస్తా.”

“నన్ను ఇంటింటికీ పోయి అడుక్కోమంటావా? పుట్టినాంక ఒకరి గడప ముందర చేయి చాచల్యా నేను.”

“చేయి ఎందుకు చాచేది? నీకు నోరుండాది కదా. దాన్ని చాచు.”

పీర్ మహమ్మద్ టైరులో గాలి కొడుతున్నట్టు నటిస్తూ వింటున్నాడు. నేను సరేనన్నట్టు ఊ కొట్టాను. అక్కడితో ఆగితే నూర్జాన్ ఎందుకవుతుంది?

“లక్ష్మీనరసమ్మ ఇంటికి గూడా పో.”

లక్ష్మీనరసమ్మ మా వెనకింటి మనిషి. నడుమ గోడ పేచీలో ఆమెకూ నాకూ మాటలు పోయి చాలా ఏళ్ళయింది. ఆమె తుమ్మితే నేను కిటికీ మూస్తాను.

“దాని చీరా! అది కప్పుకున్న పిల్లకు దాని నోరే వస్తాది” అన్నాను.

“రానీ పెద్దమ్మా. ఈడొక పిల్ల ఉండాది, ఎనిమిదేండ్లది. ఎవురు పలక లాక్కున్నా, ఎవురు నెట్టినా నోరెత్తదు. దానికి ఆ నోరే కావల్ల. వేరే ఎవురిదీ పనికిరాదు.”

నేను టైరు మీద అటూ ఇటూ సర్దుకున్నాను. ఆమె మాత్రం ఆగలేదు.

“తిప్పయ్య మామ వచ్చే నెల సరళను చూసేకి వస్తాండాడు, మూట ఆయన చేతికియ్యి. పెట్టెలోంచి తీసిన చీరలు తీసుకోవద్దు, ఉత్త కలరా ఉండల వాసన. కట్టుకోమని చెప్పు. పొద్దున కట్టుకొని, పొయ్యి కాడ కూర్చొని, శెనక్కాయలు ఒలిచి, పొద్దుగూకినాంక విడవమని చెప్పు. లక్ష్మీనరసమ్మకు గూడా దగ్గరుండి చెప్పు. విడిచినాంక ఉతకనీయొద్దు, పెద్దమ్మా. అట్లే మడిచి పంపు.”